లేదా

నార్త్ మెయిన్ వీధిలో, టూమీ గారి ఆఫీసు అద్దానికి
లోపలివైపు అంటించిన కాగితం:
"జార్జి రాజుల కాలపు ఇల్లు. పూర్తిగా బాగుచేసినది.
కుటుంబ నివాసానికి లేదా అతిథిగృహానికి అనువైనది."
యోల్ ఊరి వాన ఏటవాలుగా కొడుతుంటే
గొడుగు అడ్డం పెట్టుకుని చదివాను.
అన్నీ నిజాలే.
ఆ "లేదా" దగ్గర మాత్రం ఆగిపోయాను.

నేను కిటికీలవాణ్ణి.
పైకీ కిందికీ జారే పాతకాలపు కిటికీలు
బిగుసుకుపోతే నన్ను పిలుస్తారు.
ఆ ఇంటికి పద్నాలుగు.
పదమూడు తెరిచాను.
మిగిలినదాన్ని ఎప్పుడో ఇటుకలతో పూడ్చేశారు,
వెలుతురుకు పన్ను కట్టలేక, అంటారు.
దాన్ని అలాగే ఉంచమంది ఎత్నా:
"ఇంటికి ఒక కన్ను మూసుకునే హక్కుండాలి."

ఎత్నా, డొనకా కొన్ననాడు
పైకప్పులో పావురాలు,
పోటు వచ్చినప్పుడల్లా
బొగ్గుల గదిదాకా బ్లాక్‌వాటర్ నది.
నాలుగేళ్లు పట్టింది.
మేకవెంట్రుకలు కలిపిన సున్నం తప్ప
గోడకు ఇంకేదీ తగలనివ్వలేదు తాపీమేస్త్రీ గరోడ్.
సిమెంటు పూస్తే గోడ ఊపిరాడక చస్తుందట.
రోజుకు మూడుసార్లు చెప్పేవాడు, టీ తాగినప్పుడల్లా.

మొగుడూ పెళ్లాల మధ్య ఒకటే తగువు.
ఆమె గది తలుపులకు ఇత్తడి అంకెలు తెచ్చింది,
ఒకటి నుంచి ఆరుదాకా.
అతను అదే వారం మెట్ల కింద
సైకిళ్లకు చోటు కొలిచాడు. చిన్నవి, మూడు.
ఆ సైకిళ్లు తొక్కే పిల్లలు ఇంకా పుట్టలేదు.
ఆ అంకెలు వెతుక్కునే అతిథులూ రాలేదు.
అంకెల పొట్లం మీద గార దుమ్ము పడుతూ ఉంది.

చివరి కిటికీ, అటక కింద గదిది.
ఎడమ కంత తెరిచి తాడు లాగాను.
సీసపు గుండు రావాలి.
ఇస్త్రీపెట్టె వచ్చింది.
నల్లగా, పిడికి తాడు ముడేసి.
ఏ కాలపు పనిమనిషో,
గుండు తెగిపడిన సాయంత్రం
చేతికి అందింది కట్టేసింది.
తూచి చూశాను.
కుడిపక్క గుండుకన్నా
ఒక బంగాళాదుంప తక్కువ.
అందుకే ఆ కిటికీ ఇన్నేళ్లూ
ఒక భుజం ఎగరేసే మనిషిలా లేచేది.
కొత్త గుండు వెయ్యనా అన్నాను.
"ముట్టుకోకు" అంది ఎత్నా.

అదే గది తలుపుకు
పదకొండు పొరల రంగు గీకుతూ కేకేసింది.
చట్రం మీద గీతలు,
నా మోకాలి దగ్గర మొదలై గడ్డందాకా,
పక్కన పొడి అక్షరాలు.
తలుపు మధ్య, సరిగ్గా కంటి ఎత్తున,
మరలు ఊడిన రెండు చిల్లులు,
వాటి నడుమ నీడగా మిగిలిన నాలుగు అంకె.
ఎవరో ఇక్కడ పిల్లల్ని కొలిచారు.
ఎవరో ఇక్కడ రాత్రికింత అని వసూలు చేశారు.
ఏది ముందో ఏది వెనకో తేల్చమంటే
గరోడ్ బుర్ర గోక్కుని టీ పెట్టాడు.
ఆ రోజు వాళ్లిద్దరూ తగువాడలేదు.
నాకు భయమేసింది అప్పుడే.

మార్చిలో బ్యాంకు ఉత్తరం.
ఏప్రిల్లో ఈ కాగితం.

లేదా.
ఇదో అదో తేల్చుకోమన్నట్టు ఉంటుంది ఆ మాట.
కాస్త గొంతు ఎత్తి చదివితే
గడప బయట నిలబడి ఎవరో అడిగినట్టుంటుంది:
లేదా? ఇంట్లో ఎవరూ లేరా?

ఇల్లు చూడ్డానికి జనం వచ్చిన శనివారం
తాడు బిగించే పని ఉండి నేనూ వెళ్లాను.
మాలో నుంచి వచ్చినావిడ
మంచాలు ఎన్ని పడతాయో అడుగులేసి కొలుస్తోంది.
ఇంకెవరి పిల్లో, పళ్లూడిన పిల్ల,
ఒక్క వేలితో కిటికీ ఎత్తింది.
గోడలో ఇస్త్రీపెట్టె మెల్లగా దిగింది.
"లోపలెవరు?"
"ఒకావిడ."
"ఏం చేస్తోంది?"
"నీకు కిటికీ ఎత్తుతోంది."
పిల్ల గోడకు చెవి ఆనించి
థాంక్స్ చెప్పింది.

ఇల్లు ఎవరు కొన్నారో నాకెవరూ చెప్పలేదు.
నా చివరి బిల్లు మాత్రం ముట్టింది.
పబ్బు మూసేవేళ ఇంటికి పోతూ
తలెత్తి లెక్కపెడుతుంటాను:
వెలుతురంతా వంటింట్లో పోగైతే కుటుంబం,
గదికొకటి వెలిగితే అతిథులు.
నిన్న వంటింట్లో వెలుగుంది.
అటక కింద గదిలోనూ ఉంది.
కిటికీ జానెడు తెరిచి,
ఎడమకు కొంచెం మొగ్గి.