లెక్క సరిపోయింది

చిక్వావా జిల్లా ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు.
ముప్ఫై మంచాలు, నలభై ఒక్క మంది.
మంచాల కింద ఇంకో ఊరు:
భార్యలు, అక్కలు, ఒక్కోసారి ఎనిమిదేళ్ళ కొడుకు,
సంకటి గిన్నె, చుట్టిన చాప.
రాత్రి డ్యూటీ నాది.
మలావీలో, మా షిరే నది లోయలో
నవంబరు రాత్రి నిప్పు కప్పుకుని పడుకుంటుంది.

బిజ్విక్‌ని సైకిల్ మీద తెచ్చారు.
పదేళ్ళు అతను జనాన్ని మోసిన సైకిలే,
వెనక సీటుకి భార్య కుట్టిన ఎర్ర దిండు.
ఈసారి దాని మీద తనే,
జారిపోకుండా చితెంజె గుడ్డతో
తొక్కేవాడి నడుముకి కట్టేసి.

దించుతుంటే నా చేతులు మోసపోయాయి,
నిండు కుండ అనుకుని
ఖాళీ కుండ ఎత్తినట్టు.

ఆరోగ్య పుస్తకం తెరిచాను.
పదకొండేళ్ళుగా మందులు. ఒక్క నెలా తప్పని ముద్రలు.
అయినా నోటినిండా తెల్లపూత,
ఊపిరి ఒక్కొక్క మెట్టూ
పట్టుకుని ఎక్కుతోంది.

అప్పుడు నేనన్న మాట దాచుకోను.
"మాత్రలు మానేశావు కదూ?"
తల అడ్డంగా ఊపాడు.
"అందరూ అలాగే అంటారు," అన్నాను,
సెలైన్ సూది కోసం నరం వెతుకుతూ.

ఫలేసి సీసా తీసి నా చేతిలో పెట్టింది.
కదిపితే చప్పుడు లేదు. లోపల దూది.
"గతుకుల్లో గలగలమంటాయి, సిస్టర్.
వెనక కూర్చున్నవాళ్ళు వింటే
దారిలోనే దిగిపోతారని
నేనే కుక్కాను."

సీసా కిటికీ గట్టు మీద పెట్టాను.
లెక్కపెట్టలేదు. ఆ రాత్రి తీరిక లేదు.
తీరికున్నా లెక్కపెట్టేదాన్నా?

నేను కొత్తగా చేరిన రోజుల్లో
చావుకి అర్థం ఉండేది: మందు లేదు, పోయారు.
గేటు ఎదుట వడ్రంగి పగలూ రాత్రీ
శవపేటికలే చేసేవాడు.
మందులొచ్చాక తలుపులు చేస్తున్నాడు,
బడి బల్లలు, పెళ్ళి మంచాలు.
అయినా కొన్ని పలకలు ఆరడుగులకి కోసి
గోడవారనే ఉంచుతాడు.
ఎందుకని మేమెవరం అడగం.

మూడో రోజు బిజ్విక్ అడిగాడు,
గొలుసుకి నూనె పెట్టారా అని.
పెట్టానంది ఫలేసి.
పెట్టలేదు. ఆ సైకిల్ అప్పటికే
అంబులెన్సు డీజిలు కోసం తాకట్టులో ఉంది,
పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని.
డీజిలు వచ్చింది. డ్రైవరు రాలేదు.

నాలుగో తెల్లవారుజామున
మెట్లు అయిపోయాయి.
మంచాల కింది ఊరంతా లేచి నిలబడింది,
ఒక్కొక్క ఆడమనిషీ తన రోగి వైపు ఓసారి చూసుకుని,
తర్వాత ఏడ్చింది.

మంచం తుడిచారు. మధ్యాహ్నానికి ఇంకొకతను.
అప్పుడు తీశాను సీసా.
దూది లాగి, నీలం పళ్ళెంలో మాత్రలు పోసి
ఐదేసి చొప్పున జరిపాను.
ఇచ్చిన తేదీనుంచి లెక్క వేస్తే
నలభై ఒకటి మిగలాలి.
నలభై ఒకటి.
మళ్ళీ జరిపాను.
నలభై ఒకటి.

ఆరో రోజు బ్లాంటైర్ నుంచి కాగితం వచ్చింది,
రెండు నెలల కిందట తీసిన నెత్తురుది.
వైరస్ రెండు లక్షల పైన. మందు మార్చండి.
కాగితం మీద అతని పేరు
ఒక అక్షరం తప్పుగా ఉంది.

కంచే చేను మేసిందనుకున్నాను నేను.
కాదు. కంచె నిలబడే ఉంది,
దొంగ దాటడం నేర్చుకున్నాడు.
కాపలావాణ్ణి పట్టుకుని
నిద్రపోయావు కదూ అన్నాను,
అతనికి ఊపిరాడనప్పుడు.

నెల తిరిగాక ఫలేసి వచ్చింది,
తన మందులకి. అవే మాత్రలు,
అదే రంగు సీసా, లోపల అదే దూది.
దగ్గుతోంది.
నా నాలుక మీదికి పాత ప్రశ్న వచ్చింది,
అలవాటు కదా, చెప్పకుండానే వస్తుంది.
"పొద్దున ఏమైనా తిన్నావా?" అన్నాను.
లేదంది.

నెత్తురు తీసి, గొట్టం మీద పేరు
ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను.
నమూనాల బండి మంగళవారం వెళ్తుంది.
ఈరోజు బుధవారం.