ఏడో సున్నా

సావ్ జోసే దోస్ కాంపోస్‌లో జూన్ పొగమంచు
రన్‌వేని మింగి, హ్యాంగరు తలుపు దాకా వచ్చి ఆగింది.
పదిన్నరకి గానీ కరగదు.
ఈలోగా నేను రెక్కని విప్పుతున్నాను.

నిజం రెక్క కాదు, తెర మీది రెక్క.
లక్షా నలభై వేల ముక్కలు,
గోరంత పలకలు,
పలకల మూలల్లో నోడ్లు.
ముక్కకి తెలిసిందల్లా పక్క ముక్క.
విమానం సంగతి దానికి తెలీదు.

బరువు వేసే ముందు పట్లన్నీ వదిలెయ్యాలి.
రెక్కని శూన్యంలో ఒంటరిగా ఉంచి అడగాలి:
నొప్పి లేకుండా ఎన్ని విధాల కదలగలవు?
ఆరు, అని చెప్పాలది.
మూడు జరగడాలు, మూడు తిరగడాలు,
ఆరు సున్నాలు. ఆ తర్వాతే మొదటి వణుకు.

నిన్న రాత్రి ఏడొచ్చాయి.

"స్ట్రెస్ బొమ్మ బాగానే ఉంది కదా జుస్సారా,
ఎక్కడా ఎరుపు లేదు, పంపించేద్దాం" అన్నాడు వాల్మోర్.
కొత్త కుర్రాడు, రంగుల్ని నమ్ముతాడు.
ఫ్లాప్ దగ్గర ఒక లింకు మరీ నీలంగా ఉంది.
బరువు మోయనివాడి ముఖం
ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటుంది.

అదల్బెర్తో చిన్న గాజు గ్లాసులో కాఫీతో వచ్చాడు.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా లోహానికి స్ట్రెయిన్ గేజీలు అంటించిన మనిషి,
వేళ్లకి జిగురు వాసన పోదు.
తెర వంక చూడనే లేదు.
"ఫ్లాప్ ఎవరు గీశారు?"
కాంపినాస్ కాంట్రాక్టు కుర్రాడు.
"రెక్క?"
నేను.
"మరి మధ్యలో అతుకు?"

కాఫీ చల్లారింది.

కదలికని వెయ్యి రెట్లు పెంచి చూశాను.
రెక్కంతా రాయిలా ఉంది,
ఆ ఒక్క లింకు మాత్రం
గొళ్లెం లేని తలుపులా కీలు మీద ఊగుతోంది.
దగ్గరికెళ్తే ఒకే చుక్క.
లెక్కలోకెళ్తే రెండు నోడ్లు,
మూడో దశాంశం దాకా ఒకే చోట,
ఒకదాని ఉనికి ఒకదానికి తెలియకుండా.

కలపడానికి ఒక్క మీట చాలింది.
ఆరు.
బరువు వేశాను. నీలం లింకు నారింజ అయింది,
పక్క లింకులు కాస్త తేలికపడ్డాయి.
మిగులు నాలుగు శాతం.
నిన్నటి బొమ్మలో అక్కడ
లెక్కపెట్టలేనంత మిగులుంది.

మధ్యాహ్నం అదల్బెర్తో నన్ను నిజం రెక్క కిందికి తీసుకెళ్లాడు.
అదే చోటు. రెండు బోల్టులు, ఒక పిన్ను, కొంచెం గ్రీజు.
"ఇక్కడ నీ మీట లేదు," అన్నాడు,
"ఎవడో వచ్చి బిగించాలి."
నీలం పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నాడు.
పెట్టాను. గేజీ అంటించి
బొటనవేలితో నిమిషం సేపు నొక్కి పట్టాడు,
ఈలోగా ఫుట్‌బాల్ గురించి ఏదో అన్నాడు.

వాల్మోర్ రిపోర్టులో ఏడో సున్నా ముచ్చట రాయలేదు.
రాయించాను, రెండు వాక్యాలు.

పరీక్ష ఆగస్టులో.
ఆ నాలుగు శాతం నాదో, లోహానిదో
అప్పుడు తేలుతుంది.