పక్క మెట్టు

బల్లార్షాల పొద్దు వాసనతోని లేస్తది.
ఉడికిన వెదురు, గంధకం,
ఆ మీదంగ మా అవ్వ ఎసట్ల పోసిన బియ్యం.
మిల్లు భోంగా మోగి ఆగంగనే
బుచ్చయ్య మామ సైకిలు మన వాడకు మళ్లేది.
ఆయన కుడిచేతివి రెండు వేళ్లు కటింగు మిషిను తిన్నది.
మిగిలిన మూడింటితోని
పెట్టె మీద ఏడు స్వరాలు ఎట్ల సర్దేటోడో
నాకిప్పటికీ లెక్క తెగదు.

తొమ్మిది మందిమి మనం.
రేకుల షెడ్డు, బొగ్గు నుసి పడ్డ చాప.
బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు,
అభంగం ఎత్తుకుంటె మాత్రం
ఒత్తుల కాడ దొరికిపోయేటోళ్లం.

ముందు గొంతు నీది, అనసూయా.
నువ్వు ఎత్తుకునుడు, ఎనిమిది మందిమి అందుకునుడు.
అందుకునే గొంతుకు పేరుండదు,
ఫోటోల గూడ మూలకే నిలబడతది.
నీకంటె ముందు నేర్చుకున్న నేను,
నీకంటె రెండు పాటలెక్కువొచ్చు,
అయినా మామ చెయ్యి నీ దిక్కే లేచేది.
రాత్రి పండుకొని లెక్కపెట్టుకునేదాన్ని
వారంల నిన్నెన్నిసార్లు బిడ్డా అన్నడు, నన్నెన్నిసార్లని.
పద్నాలుగు. మూడు.

చంద్రాపూర్ పోటీనాడు మామకు డ్యూటీ మారలే.
పెట్టె నా చేతికిచ్చిండు.
"కాళీ చార్, నాలుగో నల్లమెట్టు. మర్వకు బిడ్డా."
ఆ వారం నాకది నాలుగోది.

హాల్ల ఏసీ. వేళ్లు సల్లగైనయి.
నీ గొంతు పైన పంచమం దాక పోతది,
ఆ మీద నూలుపోగంత సందు.
అది నాకొక్కదానికే తెల్సు.
వానకు మా ఇల్లు కురిసి మీ ఇంట్ల పండుకున్ననాడు
గొంగట్ల మొఖం దాసుకొని నువ్వే చెప్పినవు.

నా వేలు నాలుగో నల్లమెట్టు మీదికి పోయింది.
ఆగింది.
పక్క మెట్టు మీదికి జరిగింది.
ఎవలు జరిపిండ్రంటె వేలు అంట.
ఆనాడు గూడ అదే చెప్పుకున్న.

నువ్వు నా దిక్కు జూసినవు, ఒక్క రెప్పపాటు.
ఎత్తుకున్నవు.

పల్లవి దాటింది.
రెండు చరణాలు దాటినయి.
మూడో చరణంల, పైకి పోయి నిలబడేకాడ,
నీ మెడనరం తేలింది.
పోగు తెగింది.
పొద్దటి సంది నేను కాసుకొని కూసున్న సప్పుడది.
అది ఇనంగనే
నా నోరు దానంతటదే తెరుసుకున్నది.
నీ స్వరాన్ని కింద పడనియ్యకుంట పట్టుకున్న.
నువ్వు ఊపిరి తీసుకున్నవు.
నాది అయిపోతాంటె నువ్వందుకున్నవు.
జడ్జీలకు అతుకు కనబడలే.

రెండో బహుమతి:
తొమ్మిది మందికి ఒక స్టీలు టిఫిను డబ్బా.

ఎస్టీ బస్సుల, బాబూపేట దాటినంక,
కిటికీ దిక్కు మొఖం పెట్టి అన్నవు:
"మళ్ల పెంచేదుంటె ముందుగాల చెప్పు.
పొద్దున లేచి సాధన చేసుకుంట."
తిడితె బాగుండు.
ఏడ్చినా బాగుండు.
పల్లీలు ఒలిచి, సగం నా చేతిల పోసినవు.

షెడ్డు కాడ మామ అడిగిండు
ఏ మెట్టు మీద పాడిండ్రు అని.
నేను పెట్టె తోలుపట్టీ బిగిస్తున్న, బిగిస్తనే ఉన్న.
"కాళీ చార్ మామా" అన్నవు నువ్వు.
ఆయన మూడు వేళ్లు నా నెత్తిమీద పెట్టిండు.
బిడ్డా అన్నడో లేదో
ఆనాటి సంది లెక్క బందైంది.

మరుసటేడు నువ్వు ఆ పక్క మెట్టు మీదనే పాడినవు,
నరం తేలకుంట.
నేను అదే మూలకు, అందుకునుడే.
కాకపోతె ఎనిమిది గొంతులల్ల
ఎవలి ఊపిరి ఎప్పుడైపోతదో
పాట కంటె ముందు నాకు తెలిసేది.

మొన్న మా బడిల ఒక పిల్ల
పెట్టె ముంగట కూసోని వేలు గాలిల ఆపింది.
పాడే పిల్ల మెడ దిక్కు జూస్తున్నది.
నేను జూసిన.
ఏమనలే. దగ్గినంతే.

డబ్బా ఇంకా నా కాడనే ఉన్నది, అనసూయా.
మూత బిగుసుకపోయింది.
వచ్చినప్పుడు ఇద్దరం గుంజుదం.