ఎందుకేటి?

పలాస బడిలో నీళ్ళ ట్యాంకు పక్క గోడకి
సోమవారం ఒక తెల్లకాగితం అతికించాను.
ఎవరైనా రాయొచ్చు. ఎర్రపెన్ను నా జేబులోనే ఉంటుంది.

మూడ్రోజులూ ఆవు సాధుజంతువు.

గురువారం ఢిల్లేశ్వరి:
"మాయమ్మ ఏళ్ళకి గీతల్నేవు."

దానికింద పెన్సిలుతో తవిటినాయుడు:
"ఎందుకేటి?"

నేను పదికి పది వేసినా
రెండో వాక్యం రాయని పిల్ల
ఆ ఒక్క "ఏటి"కి
అన్నం బెల్లు కొట్టినా లేవలేదు.
జీడిపిక్కల బట్టీ, అరచేతుల్లో బూడిద,
బూడిదని దాటి కాల్చే సొన,
రేషన్ మిషను
అమ్మని మూడుసార్లు ఎరగననడం...

కాగితం చాల్లేదు.
అక్షరాలు గోడ సున్నం మీదికి పాకాయి.

"ఏళ్ళకి" కాదు, "వేళ్ళకి" అని
దిద్దబోయి
పెన్ను మూత పెట్టేశాను.

హెడ్మాస్టరు గోడకి వెల్ల వెయ్యమంటున్నారు.
సున్నం దొరకడం లేదని చెప్పాను.