తరుగు

దరఖాస్తులో ఏడో గడి దగ్గర
మూడు రోజులుగా ఆగిపోయాను.
"ప్రస్తుత కళాశాలను ఎందుకు వదలాలనుకుంటున్నారు?
ఐదు వందల మాటలు మించకుండా."

మించడం సంగతి తర్వాత.
మొదటి మాటే రావడం లేదు.

జూన్ నెల. చిత్తూరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ల వరస,
ట్రాలీల కింది నీడలో నిద్రపోయే డ్రైవర్లు,
కాయల మీద ఈగలు.
మా నాయన చెంగల్రాయుడు కాటా గదిలో ఉంటాడు.
నిండు బండి ఎక్కితే ఒక అంకె,
ఖాళీ బండి ఎక్కితే ఒక అంకె,
మధ్యలో మిగిలింది రైతుది.
అదీ మొత్తం కాదు. టన్నుకు ఇంతని తరుగు:
మట్టికి, తొడిమకి, మచ్చకి,
ఇంకా పేరు పెట్టని దేనికో.

ఆ యూనివర్సిటీ వాళ్ళు ముందే మెయిలు పెట్టారు.
రెండేళ్ళు మోసిన ఎనభై రెండు క్రెడిట్లలో
యాభై ఒకటే చెల్లుతాయట.
చెల్లని వాటి జాబితా చూశాను.
వర్క్‌షాపు, పర్యావరణం,
దామోదరం సారు చెప్పిన సంభావ్యత.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
బల్లలన్నీ గోడకు నెట్టించి
జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీశాడు,
ఒక వైపు అరగదీసినవి.
"బోర్లా పడతాయా, వెల్లకిలా పడతాయా, చెప్పండి."
అరవై మందిమి నేల మీద కూర్చుని
సాయంత్రం దాకా గింజలు విసిరాం.
తెలియకపోవడానికి కూడా ఒక లెక్కుందని
ఆ రోజే తెలిసింది నాకు.
అది చెల్లదట.

ఏడో గడిలో రాశాను:
మా లైబ్రరీలో పుస్తకాలు పాతవి.
నిజమే. కొట్టేశాను.
ల్యాబులో పన్నెండు కంప్యూటర్లుంటే ఏడే పనిచేస్తాయి.
అదీ నిజమే. ఆ ఏడింట్లో ఒకదాని ముందు
షబ్రీనూ నేనూ ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని
నవ్వాపుకుంటూ రాసిన ప్రోగ్రాం గుర్తొచ్చింది.
కొట్టేశాను.
ఇక్కడ నాకు ఎదుగుదల లేదు, అని రాశాను.
అబద్ధం. వాక్యం మాత్రం బాగుంది.
కాసేపు ఉంచాను.

సిఫారసు ఉత్తరం కోసం వెళ్తే
సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
"స్కాలర్‌షిప్పు వస్తేనే కదమ్మా?"
"వస్తేనే సార్."
"ఎందరికి ఇస్తారు?"
"నలుగురికి."
"అడిగేవాళ్ళు?"
తెలీదన్నాను. నవ్వాడు.
అక్కడే రాసి, కవరు అంటించకుండా ఇచ్చాడు.
చదవకూడదని తెలుసు. బస్సులో చదివాను.
మూడు పేరాలు మామూలే. చివర్న రెండు ముక్కలు:
"ఈ అమ్మాయిని పంపడం నాకు ఇష్టం లేదు.
అందుకే సిఫారసు చేస్తున్నాను."

రాత్రి కాటా గదిలో కూర్చున్నాను.
చిత్తు రాసుకోమని నాయన పాత తూకం చీటీల కట్ట ఇచ్చాడు.
నా వాక్యాలకు అవతలి వైపు
ఎవరెవరివో పేర్లు, బండి నంబర్లు, తీసేసిన కిలోలు.
"ముప్ఫై ఒకటి పోతాయంట నాయనా."
"తరుగు తియ్యకుండా ఎవురు తీసుకుంటారు పాపా"
అని, ఇంకో బండి తూచి, చీటీ చించి ఇచ్చి,
అప్పుడన్నాడు:
"తరుగని చెప్పి తీసిన కాయలు
వాళ్ళేం పారబొయ్యరు.
అవీ గుజ్జే అవతాయి."

చింతగింజల గురించి రాశాను.
ఎందుకు వదులుతున్నానో అందులో ఎక్కడా లేదు.
నాలుగు వందల డెబ్బై మాటలు.
రుసుము పన్నెండు వందలు, తిరిగి ఇవ్వబడదు.
నొక్కాను.

ట్రాక్టరొకటి కాటా ఎక్కితే గది నేల సన్నగా అదిరింది.
ఫోనులో షబ్రీన్: రేపు రికార్డు మర్చిపోవద్దు మే.
తెస్తాను, ఇంకోటి కూడా చెప్పాల, అన్నాను.
చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత వచ్చింది:
"పోతాండావు గదా?"

ఇంకా తెలీదు, అని టైపు చేశాను.
నిజమే.
కొట్టెయ్యలేదు.