పదిహేను లంకెలు

మొదటిసారి కొట్లోకి వచ్చినప్పుడు
గడియారం తేలేదు తెడ్డు పరసయ్య.
"ఆ కంటద్దం ఓపాలి అద్దెకియ్యి బాబూ" అన్నాడు.
కురుపాం మార్కెట్లో నలభై ఏళ్ళుగా కూర్చున్నాను,
భూతద్దం అద్దెకడిగినవాడు లేడు.

పోర్టులో లంగరు గొలుసులు లాగి లాగి
రిటైరైన చేతులు.
ఆ బిళ్ళని మాత్రం అంచులతోనే పట్టుకున్నాడు,
పగిలిన గాజుముక్కని పట్టినట్టు.

వక్కరంగు రాగి.
జుట్టు విరబోసుకున్న ఒక ఆడమనిషి,
భుజం వెనక కర్ర, కర్ర కొసన టోపీ.
"సేచ్చంట. ఆళ్ళ అమ్మోరు."
పదిహేడు వందల తొంభై నాలుగు.
గ్రీకు ఓడ వంటవాడు ఇచ్చాడట
రెండు కిలోల ఎండురొయ్యలకి.

అచ్చులు చేత్తో చెక్కేవారట అప్పట్లో.
పగిలేవి. మళ్ళీ చెక్కేవారు.
చెక్కినప్పుడల్లా ముక్కు మారేది, కురులు మారేవి,
ఆ ఒక్క ఏడాదికే డజన్ల కొద్దీ ముఖాలు.
తనది వాటిలో ఏ ముఖమో తేల్చుకోవడానికి
ప్రతి బుధవారం నా అద్దం కావాలి.

"దీనికి ముందేడు ఏసిన దానెనకాల గొలుసు బాబూ.
పదిహేను రాష్ట్రాలు, పదిహేను లంకెలు."
చోటు చాలదేమోనని జడిసిన చెక్కడపువాడు
దేశం పేరు సగంలో కోసి చుక్క పెట్టేశాడు.
జనం ఊరుకోలేదు.
బొమ్మకి స్వేచ్ఛ, బొరుసుకి సంకెలా అన్నారు.
పిల్ల జుట్టు భయంతో లేచిందన్నారు.
ఏడాది తిరక్కుండా గొలుసు పోయి ఆకుల దండ వచ్చింది.

ఆ గొలుసు నాణెం పరసయ్య దగ్గర లేదు.
ఇల్లమ్మినా రాదు, అమ్మడానికి ఇల్లూ లేదు.
లైబ్రరీ పుస్తకం మీద పల్చటి కాగితం పరిచి
పెన్సిలుతో దిద్దుకున్న గుండ్రం ఒకటి
చొక్కా జేబులో ఉంటుంది, బస్సు పాసు పక్కన.

"ఆళ్ళకి లంగరు తెల్దు" అన్నాడోసారి.
"గొలుసు తెగితే ఓడకి సేచ్చ రాదు,
డాల్ఫిన్ నోస్ రాళ్ళొస్తాయి."

పై బుధవారం తనే కాదన్నాడు.
"నేదు బాబూ, జనమే రైటు.
నిజం గొలుసులేసుకున్నోళ్ళు ఆ దేశంలో ఉన్నారు గదా,
ఆళ్ళ సేతిలో ఇది పడితే ఏటనుకునుంటారు?"
నేను హెచ్.ఎం.టి. లోపలి స్ప్రింగు సరిచేస్తున్నాను.
తలెత్తలేదు.

భీమిలి ఇసకలో దొరికిన కంపెనీ డబ్బు
దాని పక్కన పెట్టి చూపించాడు మరోసారి.
అదీ తొంభై నాలుగే.
నలభై ఎనిమిది చేరితే రూపాయి అని దీని మీద.
నూరు చేరితే డాలరు అని దాని అంచు చుట్టూ.
రెండూ చిల్లరే.
తమలాంటివాళ్ళు ఇంకెందరు కావాలో
ఒంటిమీద రాసుకు తిరిగిన చిల్లర.

శ్రావణ శుక్రవారం నాడు
కోడలు నూకరత్నం రాగి చెంబుతో పాటు
అమ్మోరినీ చింతపండేసి తోమింది.
ఇప్పుడు కోసిన సూరచేపలా ఎర్రగా ఉంది.
రెండు వందల ఏళ్ళ నలుపు
నూతి గట్టున నీళ్ళలో పోయింది.
వెల కట్టేవాళ్ళెవరూ ఇక దాన్ని ముట్టరు.

తిట్టావా అని అడిగాను.
"ఏటికి? దేముడి కాడ ఎట్టింది, పసుపు రాసింది.
దానికి తెల్సిన మర్యాద అది."

ఇప్పుడది కోటవీధిలో, సముద్రం వైపు కిటికీలో ఉంటుంది.
"ఇశాపట్నం ఉప్పుగాలి బాబూ, అదే నల్లబరుస్తాది."
ఎన్నేళ్ళకి?
"ఇరవై. ముప్పై."
ఆయనకి డెబ్భై నాలుగు.

ఈ బుధవారం అద్దం కింద
నేనే ముందు చూశాను:
చెవి వెనక, కురుల మొదట్లో,
ఆవగింజలో పాతికోవంతు
వక్కరంగు.

చెప్పలేదు.
అద్దం ఆయన చేతిలో పెట్టి
రెండు టీలు చెప్పడానికి వీధిలోకి నడిచాను.
రిక్షా బెల్లు మధ్య, వెనక నుంచి,
"ఓలమ్మా" అని వినిపించింది.