గ్రీమ్స్‌పేట, ఆదివారం

మస్తాన్ సాయిబు కళ్లద్దాలు పెట్టుకోడు.
గోటితో కొట్టి వింటాడు.
"ఇది ఇత్తడి మీద క్రోమ్, అరవైకి ముందరిది.
అది రేకు. మొన్న పోసింది. పక్కన పెట్టు."

ల్యాండ్‌మాస్టర్ హారన్ బొత్తాం కోసం
నాలుగు ఆదివారాలు తిరిగినా.
వేలూరు సేటొకాయన ఫియట్ హెడ్‌లైటు రింగు
పాత పేపర్లో చుట్టుకోని పోయినాడు
బేరం ఆడకుండానే.
సాయిబుకు అదే నచ్చలేదు.

గోనెపట్ట కింద దొరికింది చివరికి:
నల్లటి గుండ్రం, మధ్యలో చీలిక,
అంచు ఒక పక్కే అరిగిపోయి.
"ఘాట్ రోడ్డు టాక్సీదబ్బా ఇది.
మలుపు మలుపుకీ ఒకే బొటనేలు నొక్కింది,
చూడు, నీ వేలు పెట్టి చూడు."

పెట్టినా. నా వేలు చాల్లేదు ఆ గుంతకు.

"చీలింది కదా, నూటేబై ఇయ్యి.
అరుగుదలకు ఎంత అడగాల్నో
నలబై ఏండ్లుగా నాకే తెలీదు."

రెండొందలిచ్చినా.
ఆయన చిల్లర ఎతకతా వుంటే
బొత్తాన్ని తూకం పళ్లెంలో పెట్టి
ఊరికే నొక్కినా.
వైరు లేదు, బ్యాటరీ లేదు,
ముల్లు మాత్రం కొంచెం కదిలింది.

బయట రోడ్డు మీద స్కూటరాయన
ఎందుకో పక్కకు తప్పుకున్నాడు.